కాలిఫోర్నియా ఇంటికి భూకంప గ్యాస్ వాల్వ్: ఎప్పుడు తప్పనిసరి, ఎలా పెట్టించుకోవాలి

కాలిఫోర్నియాలో పాత ఇల్లు కొని వంటగది మార్పించుకుంటున్నవారు, అమ్మానాన్నల కోసం పెరట్లో చిన్న ఇల్లు కట్టిస్తున్నవారు, ఉన్న ఇల్లు అమ్మకానికి పెట్టబోతున్నవారు ఒక్కసారి ఇది చదవండి. కౌంటర్ మీద వేసే రాయి గురించి నెలల తరబడి ఆలోచిస్తాం. భూకంపం వస్తే ఇంటికి వెళ్లే గ్యాస్‌ను దానంతటదే ఆపేసేలా గ్యాస్ మీటరు పక్కన బిగించాల్సిన చిన్న వాల్వ్ గురించి మాత్రం చాలామందికి చివరి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ అడిగినప్పుడే తెలుస్తుంది. అప్పుడు హడావిడిగా ప్లంబరును వెతుక్కోవాలి, మళ్లీ తనిఖీకి తేదీ తీసుకోవాలి. పని మొదలయ్యే వారంలోనే దీన్ని జాబితాలో చేర్చుకుంటే ఆ తిప్పలు ఉండవు.

ముందుగా, ఈ నిబంధన ఎందుకు వచ్చిందో తెలియాలి. 1994 జనవరి 17 తెల్లవారుజామున 4:31కి లాస్ ఏంజెలెస్ నగరంలోని నార్త్‌రిడ్జ్ ప్రాంతం 6.7 తీవ్రతతో కంపించింది. గ్రనడా హిల్స్‌లో బాల్బోవా బులెవార్డ్ కింద ఉన్న పెద్ద గ్యాస్ పైపు, నీటి పైపులు రెండూ పగిలాయి. వీధిలో ఒకపక్క నీళ్లు పారుతుంటే మరోపక్క ఇళ్లు కాలిపోయాయి. 1989లో లోమా ప్రియెటా భూకంపం తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలోని మరీనా ప్రాంతంలో, 2014లో నాపాలోని ఒక మొబైల్ హోం కాలనీలో కూడా కంపం ఆగాక మంటలు లేచాయి. భూకంపం వచ్చినప్పుడు నీటి పైపులు కూడా పగులుతాయి, ఫైరింజన్లు అన్ని చోట్లకూ ఒకేసారి చేరలేవు. అందుకే మంట అంటుకోకముందే గ్యాస్‌ను ఇంటి గోడ దగ్గరే ఆపేయాలన్న ఆలోచన బలపడింది.

తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లకు ఇది దూరపు సంగతి కాదు. హేవర్డ్ ఫాల్ట్, అంటే భూకంపాలు పుట్టే నేల పగులు, ఫ్రీమాంట్ నగరం మధ్యనుంచే వెళుతుంది. దాని మీద చివరిసారి పెద్ద భూకంపం వచ్చింది 1868లో. శాన్ రమోన్ లోయ పొడవునా కలవెరాస్ ఫాల్ట్ ఉంది.

1. మీ ఇల్లు ఎవరి పరిధిలో ఉందో తేల్చుకోండి

రాష్ట్రం మొత్తానికీ వర్తించేలా ప్రతి ఇంట్లోనూ ఈ వాల్వ్ ఉండాలన్న చట్టం లేదు. ఏ వాల్వ్ అమ్మవచ్చో రాష్ట్రం నిర్ణయిస్తుంది. అది తప్పనిసరా కాదా అన్నది నగరమో కౌంటీయో నిర్ణయిస్తుంది. చాలా ఊళ్లలో అసలు నిబంధనే లేదు, ఉన్నచోట గట్టిగా అమలవుతుంది.

లాస్ ఏంజెలెస్ నగరాన్నే తీసుకోండి. అక్కడ గ్యాస్ కనెక్షన్ ఉన్న కొత్త కట్టడాలన్నిటికీ ఈ వాల్వ్ ఉండాలి. పాత ఇంట్లో పర్మిట్ తీసుకుని చేసే మార్పుల విలువ 10,000 డాలర్లు దాటినా పెట్టించాలి. ఆ పని గ్యాస్ పైపును ముట్టుకోకపోయినా సరే, విలువ దాటితే నిబంధన వర్తిస్తుంది. ఇప్పటి ధరల్లో బాత్‌రూమ్ మార్పించినా ఆ అంకె దాటిపోతుంది. ఇల్లు అమ్మేటప్పుడు కూడా ఉండాలి. అమ్మకందారు నగరం నుంచి తీసుకునే ఆస్తి నివేదికలో, అంటే అక్కడివాళ్లు 9ఏ రిపోర్టు అని పిలిచే పత్రంలో, దీని గురించి ధ్రువీకరించాల్సి ఉంటుంది. బే ఏరియాలో బర్క్‌లీ నగరానికీ, కాంట్రా కోస్టా కౌంటీ నేరుగా చూసుకునే ప్రాంతాలకూ ఇలాంటి నిబంధనలు ఉన్నాయి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఉత్తరాల చిరునామాలో ఉన్న ఊరి పేరు చూసి అదే మన నగరం అనుకోవద్దు. క్యాస్ట్రో వ్యాలీకి సొంత నగరపాలన లేదు, అది అలమీడా కౌంటీ కిందికి వస్తుంది. అలమో కాంట్రా కోస్టా కౌంటీ కిందికి వస్తుంది. దక్షిణాన శాంటా మోనికా, బెవర్లీ హిల్స్, వెస్ట్ హాలీవుడ్ లాస్ ఏంజెలెస్‌లో కలిసిపోయినట్టు కనిపించినా వేర్వేరు నగరాలు, వాటి నిబంధనలు వాటివే. ఆస్తి పన్ను బిల్లు మీద ఉండే పార్సెల్ నంబరు చెప్పి మీ ఇల్లు ఎవరి పరిధిలోకి వస్తుందో అడగండి.

తర్వాత ఆ నగరపు లేదా కౌంటీ బిల్డింగ్ విభాగానికి ఈమెయిల్ రాయండి. ఫోన్‌లో చెప్పిన మాట చివరి తనిఖీ రోజున పనికిరాదు, రాతపూర్వక జవాబు పనికొస్తుంది. ఈ విషయాలు అడిగితే చాలు: మీరు చేయించబోయే పనికి వాల్వ్ అవసరమా, పని విలువ ఎంత దాటితే అవసరం, అందులో కూలి ఖర్చు కలిపి లెక్కిస్తారా, కంపానికి మూసుకునే రకమే కావాలా, ఎక్సెస్ ఫ్లో వాల్వ్ (గ్యాస్ ఒక్కసారిగా ఎక్కువగా పారితే మూసుకునేది) కూడా ఒప్పుకుంటారా, దీనికి విడిగా ప్లంబింగ్ పర్మిట్ కావాలా, ఇంటి పని పర్మిట్‌లోనే కలుపుతారా.

నిబంధన లేదని జవాబు వచ్చినా ఆగిపోవద్దనే నా సలహా. ఎలాగూ ప్లంబరు వస్తున్నాడు, గ్యాస్ ఎలాగూ కాసేపు కట్టేస్తారు. ఆ రోజున ఇంకో కొన్ని వందల డాలర్ల ఖర్చుతో పని అయిపోతుంది.

2. మీటరు దగ్గరికి వెళ్లి కంపెనీ పైపుకూ మీ పైపుకూ మధ్య గీత ఎక్కడుందో చూడండి

నేల లోంచి పైకి వచ్చే పైపుతో మొదలుపెట్టండి. ముందు గ్యాస్ కంపెనీ షటాఫ్ వాల్వ్, ఆపైన ఒత్తిడి తగ్గించే గుండ్రటి రెగ్యులేటర్, తర్వాత మీటరు కనిపిస్తాయి. మీటరు దాటి ఇంట్లోకి వెళ్లే పైపు మీది. మీటరూ అంతకు ముందున్నవన్నీ కంపెనీవి. ఉత్తరాన పీజీ అండ్ ఈ అనే కంపెనీ గ్యాస్ సరఫరా చేసే ఇళ్లలో మీటరు తర్వాత సర్వీస్ టీ అనే ముక్క ఉంటుంది, అది కూడా కంపెనీదే. భూకంప వాల్వ్ దాన్ని దాటిన తర్వాతే రావాలి. కంపెనీ పైపు మీద, మీటరుకు ముందు, ఎవరూ ఏదీ బిగించకూడదు. పీజీ అండ్ ఈ అయినా దక్షిణాన సదరన్ కాలిఫోర్నియా గ్యాస్ అయినా ఈ విషయంలో రాజీపడవు.

రెండు కంపెనీలూ ఈ వాల్వులను వాళ్లే వచ్చి బిగించవు. కొనడం, బిగించడం, బాగుచేయించడం అన్నీ ఇంటి యజమాని బాధ్యత.

ఇల్లు కొన్నవారు మరో సంగతి చూసుకోవాలి. పాత యజమాని ఇప్పటికే వాల్వ్ పెట్టించి ఉండవచ్చు. మీటరు దాటిన పైపు మీద లావుగా, బాణం గుర్తుతో, చిన్న కిటికీ లాంటి గాజు ఉన్న లోహపు ముక్క కనిపిస్తే అదే కావచ్చు. దాని మీద ఉన్న కంపెనీ పేరు, మోడల్ నంబరు ఫోటో తీసుకోండి. పర్మిట్ తీసుకుని పెట్టారా లేదా అన్నది నగరపు రికార్డుల్లో దొరుకుతుంది.

పెరట్లో కట్టే చిన్న ఇంటికి వేరే మీటరు తీసుకుంటే దానికి వేరే వాల్వ్ కావాలి. ఒకే మీటరు నుంచి రెండు ఇళ్లకూ పైపు వెళితే, పైపు చీలకముందు ఒక వాల్వ్ పెడితే రెండూ దాని రక్షణలోకి వస్తాయి. డ్యూప్లెక్స్‌లూ, అంతకన్నా ఎక్కువ వాటాలు ఉన్న భవనాలూ అయితే బిల్డింగ్ విభాగం ఏం కోరుతుందో ముందే అడగాలి.

3. ఏ రకమో నిర్ణయించుకోండి

కంపానికి మూసుకునే వాల్వ్‌లో చాలా నమూనాలకు కరెంటు అవసరం లేదు. లోపల ఒక లోహపు గుండు చిన్న దిమ్మె మీద కూర్చుని ఉంటుంది, చెంబు మూతి మీద నిమ్మకాయ పెట్టినట్టు. ఇల్లు గట్టిగా ఊగితే గుండు జారి గ్యాస్ దారికి అడ్డంగా కూర్చుంటుంది. మళ్లీ చేత్తో సరిచేస్తే తప్ప అది లేవదు. దీన్ని కదిలించేది టీవీలో చెప్పే భూకంప తీవ్రత కాదు, మీ గోడ దగ్గర నేల ఎంత గట్టిగా ఊగిందన్నది. అందుకే దూరంగా వచ్చిన పెద్ద భూకంపానికి మూసుకోని వాల్వ్, దగ్గరలో వచ్చిన మధ్యస్థ భూకంపానికి మూసుకోవచ్చు.

ఎక్సెస్ ఫ్లో వాల్వ్ పని వేరు. నేల ఊగిందా లేదా అన్నది దానికి పట్టదు. పైపు తెగి గ్యాస్ ఒక్కసారిగా ఎక్కువగా పారితే మూసుకుంటుంది. వాటర్ హీటర్ ఒరిగి గొట్టం పూర్తిగా ఊడిపోతే ఇది బాగా పనికొస్తుంది. జాయింటు దగ్గర సన్నగా లీకయితే మాత్రం మూసుకోదు. భూకంపం లేకున్నా పైపు తెగితే కాపాడటం దీనిలోని మంచి. నిబంధన ఒప్పుకుంటే రెండూ పెట్టించుకున్న ఇళ్లున్నాయి. ఒక్కటే పెట్టాలంటే నేను కంపానికి మూసుకునేదే ఎంచుకోమంటాను. భూకంపంలో తెగిన పైపుల కన్నా వదులైన జాయింట్లే ప్రమాదకరం అనిపిస్తుంది, వాటి గురించి ఎక్సెస్ ఫ్లో వాల్వ్‌కు తెలియదు.

ఏది కొన్నా, రాష్ట్ర ఆర్కిటెక్ట్ విభాగం ధ్రువీకరించిన మోడల్ అయి ఉండాలి. ఆ విభాగం తన జాబితాను వెబ్‌సైటులో ఉంచుతుంది. కంపానికి మూసుకునేవాటికి అమెరికన్ సివిల్ ఇంజనీర్ల సంఘం రాసిన ఏఎస్‌సీఈ 25 ప్రమాణం ఆధారం. ఆన్‌లైన్‌లో చవకగా దొరికిందని జాబితాలో లేని మోడల్ కొంటే ఇన్‌స్పెక్టర్ తీయించేస్తాడు.

4. కొలత, దిశ, ఒత్తిడి

ఇంటి వాల్వులు ముప్పావు అంగుళం, 1 అంగుళం, ఒకటింపావు అంగుళం కొలతల్లో దొరుకుతాయి. పైపు నేలకు సమాంతరంగా వెళుతుందా, నిలువుగా పైకి వెళుతుందా, కిందికి దిగుతుందా అన్నదాన్ని బట్టి మోడల్ మారుతుంది. అడ్డంగా పెట్టాల్సిన దాన్ని నిలువుగా పెడితే గుండు సరిగా కూర్చోదు. కాబట్టి కొనకముందే మీటరు దగ్గర ఫోటోలు తీసి, గ్యాస్ ఎటు పారుతుందో బాణం గీసి ప్లంబరుకు పంపండి.

మామూలు ఇళ్లలో మీటరు దాటాక గ్యాస్ ఒత్తిడి పావు పీఎస్‌ఐ దగ్గర ఉంటుంది. కొన్ని ఇళ్లకు 2 పీఎస్‌ఐ ఇస్తారు. వాల్వ్ మీద రాసిన పరిమితి దానికి సరిపోవాలి.

మార్పులు చేయించేవారికి ఇంకో హెచ్చరిక. పాత ట్యాంకు హీటరు తీసేసి ట్యాంక్‌లెస్ పెట్టించుకోవడం ఇప్పుడు మామూలైంది. పాత హీటర్ కన్నా అది ఒకేసారి చాలా ఎక్కువ గ్యాస్ లాగుతుంది, అందువల్ల పైపునే పెద్దది చేయాల్సి రావచ్చు. ముందు వాల్వ్ పెట్టించి, తర్వాత పైపు మార్చితే వాల్వ్ రెండోసారి కొనాలి. పొయ్యి, హీటర్, డ్రయర్, ఫర్నేస్ చివరికి ఏవేవి గ్యాస్ మీద ఉంటాయో జాబితా రాసి, ప్లంబరుతో గ్యాస్ లోడు లెక్క వేయించి, ఆ తర్వాతే వాల్వ్ కొనండి. ఎక్సెస్ ఫ్లో వాల్వ్ విషయంలో ఇది మరీ ముఖ్యం. లోడుకు చిన్నదైతే హీటర్ వెలిగినప్పుడల్లా గ్యాస్ ఆగిపోతుంది.

అన్నీ కరెంటు మీదికి మార్చి గ్యాస్ కనెక్షనే తీయించేస్తున్నవారికి వాల్వ్ అవసరం పడదు. ఆ సంగతి పర్మిట్ కాగితాల్లో స్పష్టంగా రాయించండి.

5. కాంట్రాక్టరు, పర్మిట్

ఈ పని సొంతంగా చేయవద్దు. వాల్వ్ బిగించడం చూడటానికి సులువే. కానీ గ్యాస్ పైపు విప్పి మళ్లీ బిగించాలి, తప్పు జరిగితే దాన్ని భరించేది ఇంట్లో పడుకున్నవాళ్లు.

కాలిఫోర్నియాలో ప్లంబింగ్ కాంట్రాక్టరుకు సీ-36 లైసెన్సు ఉంటుంది. రాష్ట్ర కాంట్రాక్టర్ల లైసెన్సు బోర్డు వెబ్‌సైటులో నంబరు కొట్టి చూస్తే లైసెన్సు చెల్లుబాటులో ఉందో లేదో, బాండు, కార్మికుల బీమా ఉన్నాయో లేదో తెలుస్తుంది. ఇంటి మార్పుల ఒప్పందానికి అడ్వాన్సు 1,000 డాలర్లు లేదా మొత్తంలో 10 శాతం, రెండిటిలో ఏది తక్కువైతే అంతకు మించి తీసుకోకూడదని చట్టం. తెలిసినవాళ్లు చెప్పారు కదా అని సగం డబ్బు ముందే ఇచ్చేయకండి.

ఇంటి పని మొత్తం జనరల్ కాంట్రాక్టరుకు అప్పగించి ఉంటే, ఒప్పందంలో వాల్వ్ పేరూ మోడలూ, బిగింపు, పర్మిట్ ఫీజు, చివరి తనిఖీ వేర్వేరు మాటల్లో ఉండాలి. ‘గ్యాస్ పని’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే, తర్వాత అదనపు బిల్లు వస్తుంది.

6. బిగించే రోజు మీరు చూడాల్సినవి

ఆ రోజు ఎవరో ఒక పెద్దవాళ్లు ఇంట్లో ఉండాలి. పని ముగిశాక పైలట్ దీపాలు, అంటే హీటరు లాంటి వాటి లోపల ఎప్పుడూ వెలుగుతుండే చిన్న మంటలు, మళ్లీ వెలిగించాలి కాబట్టి అన్ని గదుల తలుపులూ తెరిచి ఉంచాలి.

వాల్వ్ మీది బాణం ఇంటివైపు ఉండాలి. వాల్వ్ సమంగా కూర్చుందో లేదో ప్లంబరు రసమట్టంతో చూస్తాడు, కొన్ని మోడళ్లలో ఆ బుడగ వాల్వ్‌లోనే ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, వాల్వ్ ఉన్న పైపును గోడకు గట్టిగా పట్టీలతో బిగించాలి. పైపు ఊగుతూ ఉంటే చెత్త డబ్బా తగిలినా, పిల్లల బంతి కొట్టినా గుండు పడిపోతుంది. అలా ఊరికే ఒకటి రెండు సార్లు ఆగిందని విసిగిపోయి వాల్వ్ తీయించేసేవారున్నారు. తప్పు వాల్వ్‌ది కాదు, పట్టీది.

కొత్త జాయింట్ల మీద సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో మీ ఎదుటే చూపించమనండి. మీటరు చదవడానికీ, కంపెనీ షటాఫ్ వాల్వ్ తిప్పడానికీ అడ్డం లేకుండా ఉందో లేదో చూసుకోండి. మళ్లీ తెరవడం ఎలాగో ప్లంబరు చేసి చూపిస్తుంటే ఫోన్‌లో వీడియో తీసుకోండి.

తనిఖీ పూర్తయి ఇన్‌స్పెక్టర్ సంతకం చేశాక ఆ కార్డు, వాల్వ్ రశీదు, మోడల్ కాగితం ఇంటి దస్తావేజులతో కలిపి పెట్టండి. ఇల్లు అమ్మే రోజున ఎస్క్రో వాళ్లు, అంటే అమ్మకపు డబ్బూ కాగితాలూ చూసే మధ్యవర్తులు, అడిగేది అదే.

ఇదే అదనుగా వాటర్ హీటరు కూడా చూసుకోండి. ట్యాంకు హీటర్లను కదలకుండా కట్టి ఉంచడం రాష్ట్రమంతటా తప్పనిసరి, ఇల్లు అమ్మేవారు అలా కట్టి ఉందని కొనేవారికి రాసివ్వాలి. ట్యాంకు పై మూడో వంతులో ఒక పట్టీ, కింది మూడో వంతులో ఒక పట్టీ ఉండాలి. కింది పట్టీ కంట్రోల్ డబ్బాకు కనీసం 4 అంగుళాలు పైన రావాలి. పొయ్యికీ హీటరుకూ బిరుసు పైపు ఉంటే ఒంగే గొట్టం వేయించండి. ఇవి చేయకుండా ఒక్క వాల్వ్ మీదే ఆధారపడటం సగం పనే.

7. భూకంపం వచ్చి వాల్వ్ మూసుకున్నాక

ఇది అన్నిటికన్నా కష్టమైన భాగం, ఎందుకంటే చేయాల్సింది ఆగడం. పొయ్యి వెలగదు, వేడినీళ్లు రావు, చలికాలమైతే ఇల్లు చల్లబడుతుంది. స్క్రూడ్రైవరుతో తిప్పితే వాల్వ్ తెరుచుకుంటుందని మీకు తెలుసు. అయినా తెరవకండి. లోపల ఎక్కడో జాయింటు వదులై ఉంటే, మీరు తెరిచిన క్షణం నుంచి ఇంట్లో గ్యాస్ నిండుతుంది. తర్వాతి కంపాలకు వాల్వ్ మళ్లీ మూసుకోవచ్చు, మూసుకోకపోవచ్చు. లైసెన్సున్న ప్లంబరో గ్యాస్ కంపెనీ మనిషో లీకు లేదని చూసిన తర్వాతే తెరవాలి. పైలట్ దీపాలను రెండు కంపెనీలూ ఉచితంగానే వెలిగించి వెళతాయి.

వాల్వ్ మూసుకోకపోతే? గ్యాస్ వాసన, బుస్సుమన్న శబ్దం, మీటరు ముళ్లు గిర్రున తిరగడం, మంట, వీటిలో ఏదైనా ఉంటే కంపెనీ షటాఫ్ వాల్వ్ కట్టేయాలి. 12 నుంచి 15 అంగుళాల సర్దుబాటు రెంచితో పావు చుట్టు తిప్పండి. వాల్వ్ మీది పలక పైపుకు అడ్డంగా వస్తే గ్యాస్ ఆగినట్టు. అక్కడికి చేరడమే ప్రమాదమనిపిస్తే దాని జోలికి వెళ్లకుండా అందరినీ తీసుకుని బయటికి వెళ్లి, దూరం నుంచి 911కు ఫోన్ చేయండి. లైటు స్విచ్ వేయకండి, ఆర్పకండి. ఈ లక్షణాలు ఏవీ లేకపోతే మాత్రం కట్టకండి. నార్త్‌రిడ్జ్ తర్వాత గ్యాస్ ఆగిపోయిన ఇళ్లలో ఎక్కువ భాగం యజమానులే భయపడి కట్టేసుకున్నవి. వాటిని ఒక్కొక్కటిగా తెరవడానికి కంపెనీ సిబ్బందికి చాలా రోజులు పట్టింది, నిజంగా లీకున్న ఇళ్లవాళ్లు కూడా ఆ వరుసలోనే ఎదురుచూడాల్సి వచ్చింది.

ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటారు. సిలిండరు రెగ్యులేటరు కట్టడం వాళ్లకు చేతి అలవాటు. ఇక్కడ అలాంటి నాబ్ లేదు, గ్యాస్ గోడ బయట ఆగుతుంది. వచ్చిన వారంలోనే మీటరు దగ్గరికి తీసుకెళ్లి వాల్వ్ చూపించండి. రెంచిని అక్కడే తాడుతో కట్టి ఉంచండి. పొయ్యి వెలగకపోతే అగ్గిపుల్ల గీసి చూడవద్దని గట్టిగా చెప్పండి. పీజీ అండ్ ఈ అయితే 1-800-743-5000, సదరన్ కాలిఫోర్నియా గ్యాస్ అయితే 1-800-427-2200, మీ నంబరు, 911, ఇవన్నీ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఇంగ్లిష్ రానివారు ఫోన్‌లో ‘తెలుగు’ అని భాష పేరు చెబితే దుభాషిని కలుపుతారని కూడా చెప్పి ఉంచండి.